ఆవిరి యంత్రం నమూనా: సిలిండర్ తయారీలో తొలి పాఠాలు



కొన్నేళ్ల క్రితం మా బడి పిల్లల్ని నీలగిరికి విహారయాత్ర తీసుకువెళ్లాం. మెట్టుపాళయం స్టేషన్‌లో కూనూరు వెళ్లే కొండరైలు సిద్ధంగా ఉంది. ఆవిరి ఇంజను. పిల్లలందరూ కిటికీ సీట్ల కోసం పోటీ పడుతుంటే, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం ఇంజను దగ్గరే నిలబడి, చక్రాల పక్కనున్న లావుపాటి డబ్బాలాంటి దాన్ని చూపించి, "అందులో ఏముంది సార్?" అని అడిగింది. "అది సిలిండరమ్మా. లోపల పిస్టన్ ఉంటుంది. ఆవిరి తోస్తే ముందుకూ వెనక్కూ కదులుతుంది" అని పాఠంలో ఉన్నది చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "పిస్టన్ కదలాలంటే చుట్టూ సందు ఉండాలి కదా సార్. మరి ఆవిరి ఆ సందులోంచి ఎందుకు పోదు?" అంది.

నేను బి.ఇడి. చదివి, ఇరవై ఏళ్లుగా లెక్కలూ సైన్సూ రెండు భాషల్లో చెబుతున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఒక చిన్న ఆవిరి యంత్రం చేసి చూపిస్తే తప్ప చెప్పలేననిపించింది. మాది హోసూరు. చిన్న చిన్న లేత్ షాపులకు కొదవలేని ఊరు. పని మొదలుపెట్టాను. ఒక ఇత్తడి దిమ్మె పాడుచేశాక, రెండోదానితో నేర్చుకున్న సంగతులు ఈ రోజు మీతో చెప్పాలని వచ్చాను. కొన్ని అంకెలు కూడా చెబుతాను కనుక, వీలుంటే ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

మొదటిసారి చేసేవారికి అన్నిటికన్నా అనువైనది ఊగే సిలిండర్ యంత్రం. ఇందులో విడిగా వాల్వు ఉండదు. నిలువుగా నిలబెట్టిన ఒక లోహపు పలకకు సిలిండర్ తన చదునైన పక్కతో ఆనుకొని ఉంటుంది. మధ్యలో ఒక ఇరుసు, దాని వెనక ఒక స్ప్రింగు. ఆ ఇరుసు మీద సిలిండర్ గోడగడియారం లోలకంలాగా అటూ ఇటూ ఊగుతుంది. సిలిండర్ చదును పక్కన ఒక రంధ్రం, పలక మీద రెండు రంధ్రాలు. పలక మీది రంధ్రాల్లో ఒకటి ఆవిరి వచ్చే దారి, రెండోది పోయే దారి. సిలిండర్ ఒకవైపు ఒరిగినప్పుడు దాని రంధ్రం వచ్చే దారికి ఎదురుపడుతుంది, ఆవిరి లోపలికి వచ్చి పిస్టన్‌ను తోస్తుంది. రెండోవైపు ఒరిగినప్పుడు పోయే దారికి ఎదురుపడి, పనైపోయిన ఆవిరి బయటికి పోతుంది. నిటారుగా ఉన్న క్షణంలో రెండు దారులూ మూసి ఉంటాయి. పలకకు ఆనే ఆ చదును పక్కను ఇక మీదట ఆవిరి ముఖం అందాం.

ఇప్పుడు నా మొదటి దిమ్మె కథ వినండి. 12 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. డ్రిల్లింగు మెషిను మీద దిమ్మెను బిగించి రంధ్రం వేశాను, ఆపైన రీమర్ తోలాను. వెర్నియర్‌తో కొలిస్తే 12.02 వచ్చింది. పొంగిపోయాను. అన్నీ బిగించి సైకిలు పంపుతో గాలి కొడితే, చక్రం సగం చుట్టు తేలిగ్గా తిరిగి, మిగతా సగంలో బిగుసుకుపోతోంది. ఆవిరి ముఖానికీ పలకకూ మధ్యనుంచి గాలి బుస్సున పోతోంది. రెండు ఆదివారాలు విప్పడం, బిగించడం. ఫలితం లేదు.

చివరికి ఒక లేత్ షాపులో పనిచేస్తున్న నా పాత విద్యార్థి దగ్గరికి వెళ్లాను. పదో తరగతితో చదువు ఆపేసిన కుర్రవాడు. ఒకప్పుడు తరగతిలో అందరి ముందూ "లెక్కలు నీకు రావురా" అని నేనే అన్నాను. ఆ మాట నాకు గుర్తుంది, అతనికీ గుర్తుండే ఉంటుంది. అతను ఆ దిమ్మెను చేతిలోకి తీసుకొని, రంధ్రంలో ఒక నిడుపాటి చువ్వ దూర్చి, దిమ్మెను అద్దం మీద ఆవిరి ముఖం కిందికి వచ్చేలా పెట్టాడు. చువ్వ ఒక కొస పైకి లేచి కనిపించింది. "సైజు కరెక్టుగానే ఉండాది సార్. బెజ్జమే నేరుగా లేదు" అన్నాడు.

కొలిచి చూశాం. 35 మిల్లీమీటర్ల పొడవులో రంధ్రం 0.8 మిల్లీమీటరు పక్కకు పోయింది. ఆ వంకర ఇరుసు నుంచి క్రాంకు దాకా పోయేసరికి ఒక మిల్లీమీటరు దాటుతుంది. అందుకే పిస్టన్ కడ్డీ చుట్టు చుట్టుకూ సిలిండర్‌ను పలక నుంచి ఊడబెరుకుతోంది. రీమర్ సైజును సరిచేస్తుందే గాని దిక్కును సరిచేయదు. వంకర రంధ్రం ఎటు పోతే అదీ అటే పోతుంది.

శ్రోతలారా, ఈ పనిలో మొదటి పాఠం ఇదే. సైజులో కొంచెం తేడా వచ్చినా దాని జత భాగాన్ని దానికి తగ్గట్టు చేసుకోవచ్చు. నేరు తప్పితే సరిపెట్టుకునే దారి ఉండదు. రంధ్రం ఆవిరి ముఖానికి సమాంతరంగా ఉండాలి. సిలిండర్ కొసలు రంధ్రానికి లంబంగా ఉండాలి. ఈ రెండూ కుదిరితే మిగతావి ఓపికతో కుదురుతాయి.

ఇది చిన్న బొమ్మల సంగతే అనుకోకండి. జేమ్స్ వాట్ 1769లో తన యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కాని సరైన సిలిండర్ దొరక్క ఏళ్ల తరబడి అవస్థ పడ్డాడు. పిస్టన్ చుట్టూ ఏమేమి కుక్కినా ఆవిరి కారిపోయేది. జాన్ విల్కిన్సన్ అనే ఇనుప కర్మాగారాల యజమాని 1774లో ఫిరంగులు తొలిచే పద్ధతికి పేటెంటు పొంది, 1775లో సిలిండర్లు తొలిచే యంత్రం చేశాడు. అందులో తొలిచే కడ్డీ సిలిండర్ గుండా ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, రెండు వైపులా ఆధారం మీద నిలుస్తుంది. కడ్డీ వంగకపోతే రంధ్రమూ వంగదు. 50 అంగుళాల వ్యాసం గల సిలిండర్‌లో పాత షిల్లింగు నాణెం మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ మెచ్చుకున్నాడు. వాట్ ఆలోచన యంత్రంగా మారడానికి విల్కిన్సన్ రంధ్రం కావలసి వచ్చింది.

ఇక పనిలోకి వద్దాం. దిమ్మెకు 25 మిల్లీమీటర్ల చదరపు ఇత్తడి కడ్డీ 36 మిల్లీమీటర్ల ముక్క తీసుకోండి. తయారయ్యాక 35 ఉండాలి. ఇత్తడి తేలిగ్గా తెగుతుంది, తుప్పు పట్టదు. తమిళంలో పిత్తళై అన్నా, కన్నడంలో హిత్తాళె అన్నా అదే. పాత సామాన్ల అంగట్లో దొరుకుతుంది.

లేత్ దగ్గర నిలబడే ముందు నాలుగు మాటలు. చక్ తాళంచెవి చక్‌లో వదిలిపెట్టి మోటారు వేయకూడదు. చేతికి గ్లౌజులు వద్దు, తిరిగే పనిముట్టు వాటిని లాగేసుకుంటుంది. పొడవు చేతుల చొక్కా, కండువా, వేలాడే కొంగు, జారిన జడ ఏవీ వద్దు. కళ్లజోడు తప్పనిసరి, ఎందుకంటే ఇత్తడి రజను సూదుల్లాగా ఎగురుతుంది. లేత్ ఆగాకే కొలవాలి, ఆగాకే తుడవాలి.

ముందు దిమ్మె నాలుగు పక్కల్లో మంచిదాన్ని ఎంచి, దాన్ని ఆవిరి ముఖంగా గుర్తుపెట్టుకోండి. ఒక కొస మీద గుర్తుల సిరా పూసి, కర్ణాలు గీసి, అవి కలిసిన చోట సెంటర్ పంచ్‌తో చుక్క కొట్టండి. తరువాత దిమ్మెను ఫోర్ జా చక్‌లో, అంటే నాలుగు దవడలూ విడివిడిగా కదిలే చక్‌లో పట్టాలి. మూడు దవడల చక్ గుండ్రటి కడ్డీలకు. చదరపు దిమ్మెను అది సరిగా పట్టదు.

ఇక్కడ రెండు సవరింపులున్నాయి. ఒకటి, చుక్క చక్ మధ్యకు రావాలి. టెయిల్‌స్టాక్ మొనను చుక్క దగ్గరికి తెచ్చి, చక్‌ను చేత్తో తిప్పి చూడండి. చుక్క ఎటు జరుగుతోందో చూసి, ఎదురెదురు దవడల్లో ఒకటి వదులు చేసి రెండోది బిగించాలి. రెండోది ముఖ్యమైనది. ఆవిరి ముఖం లేత్ బెడ్డుకు సమాంతరంగా ఉండాలి. టూల్‌పోస్టుకు డయల్ గేజి పెట్టి, దాని మొనను ఆవిరి ముఖానికి తాకించి, క్యారేజిని చేత్తో ముందుకూ వెనక్కూ జరపండి. ముల్లు కదలకూడదు. కదిలితే కొయ్యసుత్తితో మెల్లగా తట్టి మళ్లీ చూడండి. మొదటిసారి నాకు దీనికే గంట పట్టింది. "తొందరేమి లేదు సార్" అని ఆ కుర్రవాడు పక్కన టీ తాగుతూ కూర్చున్నాడు. నా మొదటి దిమ్మెలో లేనిది ఈ గంటే. నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇప్పుడు చిన్న సెంటర్ డ్రిల్, తరువాత 6 మిల్లీమీటర్ల డ్రిల్, ఆ తరువాత 11. ఒక జాగ్రత్త. ఇత్తడిలో ఉన్న రంధ్రాన్ని పెద్ద డ్రిల్‌తో పెంచుతున్నప్పుడు డ్రిల్ మరచుట్టులా లోపలికి దూసుకుపోయి పనిముక్కను ఊడదీస్తుంది. అందుకని డ్రిల్ కోత అంచును నూనెరాయి మీద రుద్ది, పదునైన వాలును కాస్త మొద్దు చేయాలి. ఇత్తడి కోసమని ఒక డ్రిల్‌ను ఇలా విడిగా ఉంచుకోవడం మంచిది.

11 నుంచి 12 దాకా డ్రిల్‌తో కాదు, బోరింగు టూల్‌తో తొలవాలి. డ్రిల్ తనకు తేలికైన దారిన పోతుంది. బోరింగు టూల్ లేత్ బెడ్డు చూపిన దారిన పోతుంది. తేడా అంతా అక్కడే ఉంది. టూల్ కడ్డీ రంధ్రంలో పట్టినంత లావుగా, కావలసినంత మాత్రమే పొడవుగా బయటికి ఉండాలి. విల్కిన్సన్ మాదిరి మనకు రెండో కొసన ఆధారం లేదు కనుక కడ్డీ కొంచెం వంగుతుంది. నిమిషానికి 800 చుట్ల లోపు వేగంతో, సన్నని కోతలు తీయండి. చివర్లో లోతు పెంచకుండా, అదే సెట్టింగులో రెండు మూడుసార్లు టూల్‌ను లోపలికీ బయటికీ నడపండి. వంగిన కడ్డీ నిటారై, మిగిలిన పొరను సన్నగా గీకుతుంది. హ్యాండిల్ వెనక్కి తిప్పితే కొంత మేర ఊరికే తిరుగుతుంది కనుక, ఎప్పుడూ ఒకే దిక్కునుంచి అంకెకు రావాలి.

రంధ్రం 12కు బదులు 12.1 అయిందా? దిగులు పడకండి. పిస్టన్‌ను దానికే తగ్గట్టు చేస్తాం. నునుపుగా, రెండు కొసలా ఒకే వ్యాసంతో ఉంటే చాలు.

దిమ్మెను చక్ నుంచి తీయకముందే, అదే పట్టులో దాని కొసను కూడా టూల్‌తో చదును చేయండి. ఒకే పట్టులో చేశారు కనుక ఆ కొస రంధ్రానికి లంబంగానే వస్తుంది. వేరే కొలత అక్కర్లేదు. ఆ కొసకు గుర్తు పెట్టుకోండి. మూత వచ్చేది అక్కడే. రెండో కొసకు ఒక ఉపాయం ఉంది. చక్‌లో ఒక కడ్డీ పట్టి, దాన్ని సిలిండర్ రంధ్రంలో బిగువుగా దూరేటట్టు తరిణె పట్టండి. ఆ కడ్డీని చక్ నుంచి తీయకుండానే సిలిండర్‌ను దానికి తొడిగి, రెండో కొసను సన్నని కోతలతో చదును చేయండి. ఇక్కడా సూత్రం అదే. ఒక పట్టులో చేసిన పనులు ఒకదానితో ఒకటి కలుస్తాయి.

తరువాత ఆవిరి ముఖం మీద రంధ్రాలు. పెన్సిలు పట్టినవారు రాసుకోండి. ఇరుసు నుంచి క్రాంకు కేంద్రానికి దూరం 50 మిల్లీమీటర్లు. క్రాంకు పిన్ను తన కేంద్రానికి 10 మిల్లీమీటర్ల దూరంలో తిరుగుతుంది, అంటే పిస్టన్ నడక 20. సిలిండర్ ఎక్కువలో ఎక్కువ ఎంత ఒరుగుతుంది? 10ని 50తో భాగిస్తే 0.2. ఆ సైన్ విలువ గల కోణం సుమారు పదకొండున్నర డిగ్రీలు. సిలిండర్ రంధ్రం ఇరుసుకు పైన 15 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, 15ను 0.2తో గుణిస్తే 3. కనుక అది మధ్యగీత నుంచి అటు 3, ఇటు 3 మిల్లీమీటర్లు జరుగుతుంది. పలక మీది రెండు రంధ్రాల మధ్య ఎడం 6.

ఈ లెక్క నేను షాపులో నల్లబల్ల మీద చేసినట్టు గంభీరంగా చేసి చూపించాను. ఆ కుర్రవాడు అంతా విని, ఒక రేకు ముక్క తీసుకొని, కంపాసుతో అసలు సైజులోనే క్రాంకు వలయం గీశాడు. ఇరుసు చుక్క నుంచి వలయాన్ని తాకేలా అటొకటి ఇటొకటి గీతలు లాగాడు. వాటిని ఇరుసుకు పైకి పొడిగించి, 15 మిల్లీమీటర్ల చాపం గీసి, అది గీతలను కోసిన చోట్ల మధ్య కొలిచాడు. ఆరు. "ఇంతేనా సార్?" అన్నాడు. సైన్ అంటే ఏమిటో నేను పుస్తకం చూసి నేర్పిన వాళ్లలో ఎంతమంది దాన్ని ఇలా చేత్తో పట్టుకోగలరో నాకు తెలియదు. లెక్కలు నీకు రావన్న మాట తప్పని ఆ రోజు అతనితో చెప్పాను. "ఎప్పటి మాటో సార్" అని నవ్వి మళ్లీ పనిలో పడ్డాడు.

రంధ్రాల వ్యాసం కూడా ఈ 3 మిల్లీమీటర్లే నిర్ణయిస్తాయి. సిలిండర్ నిటారుగా ఉన్నప్పుడు దాని రంధ్రం రెండింటినీ తాకకూడదు కనుక వ్యాసం 3 కన్నా తక్కువ ఉండాలి. రెండున్నర మంచిది. మూడున్నర వేశారంటే, వచ్చే దారి పోయే దారితో కలిసి, ఆవిరి సిలిండర్‌లో పని చేయకుండానే బయటికి పోతుంది. కొలతలో పొరపాటు రాకుండా, ఒక ఉక్కు రేకుకు 15 మిల్లీమీటర్ల ఎడంతో రెండు రంధ్రాలు వేసి, దాన్నే అచ్చుగా సిలిండర్‌కూ పలకకూ వాడండి. 15కు బదులు 14.8 వచ్చినా రెండింటికీ 14.8 వస్తుంది, పని చెడదు. ఇరుసు మర కోసం వేసే 3.3 మిల్లీమీటర్ల రంధ్రం సిలిండర్ లోపలికి దూరకూడదు. గోడ మందం ఆరున్నర ఉంది కనుక ఐదు దగ్గరే ఆపి, మూడు ట్యాపుల సెట్టులో చివరిదానితో మర పూర్తి చేయండి.

ఆవిరి ముఖాన్ని, పలకను మందపాటి అద్దం మీద పరచిన నీటి ఎమరీ కాగితం మీద, ముందు 400, తరువాత 600 నంబరుతో, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి రుద్దితే, గీతలన్నీ ఒకేసారి చెరిగినప్పుడు ముఖం చదునైనట్టు లెక్క. తరువాత పొడి మిగలకుండా కిరసనాయిలుతో కడగాలి.

చివరిగా పిస్టన్. ఎప్పుడూ రంధ్రం ముందు, పిస్టన్ తరువాత. గన్‌మెటల్ ముక్కను 12.3 దాకా తరిణె పట్టి, 4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీకి మరతో బిగించండి. ఆపైన ఆ కడ్డీనే చక్‌లో దగ్గరగా పట్టుకొని పిస్టన్‌ను తుది సైజుకు తేవాలి. అప్పుడే పిస్టన్, కడ్డీ ఒకే కేంద్రం మీద ఉంటాయి. కొంచెం తీయడం, సిలిండర్ తొడిగి చూడడం, మళ్లీ కొంచెం తీయడం. చుట్టూ అర మిల్లీమీటరు లోతున మూడు గాడులు పెట్టండి. సరిపోయిందో లేదో వెర్నియర్‌ను అడగవద్దు. మూత బిగించి, నూనె రాసి, ఆవిరి రంధ్రాన్ని వేలితో మూసి పిస్టన్‌ను కొంచెం బయటికి లాగి వదలండి. అది తనంతట తానే వెనక్కి పోతే మీరు గెలిచినట్టే.

యంత్రాన్ని ముందు సైకిలు పంపు గాలితోనే నడపండి. ఆవిరి విషయంలో ఒక హెచ్చరిక. పాలడబ్బానో, నూనె డబ్బానో మూసి పొయ్యి మీద పెట్టి బాయిలర్ అనకండి. సేఫ్టీ వాల్వు లేని మూసిన పాత్ర బాంబుతో సమానం. బడిలో ప్రదర్శనకు గాలి చాలు.

మా రెండో దిమ్మె గాలికి మొదటిరోజే తిరిగింది. దాన్ని బడికి తీసుకెళ్లేసరికి ఆ అమ్మాయి పదో తరగతికి వచ్చింది. పిస్టన్‌ను లాగి వదలమని చేతికిచ్చాను. అది వెనక్కి జారిపోతుంటే కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. అప్పుడు జవాబు చెప్పాను. "సందు ఉంది అమ్మా. కొంచెం ఆవిరి పోతుంది కూడా. కాని సందు ఎంత సన్నగా ఉందంటే, నూనె, నీటి తడి దాన్ని నింపేస్తాయి. అంత సన్నని సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకేలా ఉండాలంటే, రంధ్రం నేరుగా ఉండాలి." "ఎవరు చేశారు సార్?" అంది. నేను పేరు చెప్పాను. మరుసటి వారం అతను మా తరగతికి వచ్చి, రేకు మీద కంపాసుతో ఆ పాఠం తనే చెప్పాడు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

మీ ఊళ్లోనూ ఏదో ఒక లేత్ షాపు ఉంటుంది. ఒక ఆదివారం మీ పిల్లల్ని వెంటబెట్టుకొని, అడిగి, అనుమతి తీసుకొని అక్కడ కాసేపు నిలబడి చూడండి.